చంపిన పురుగులు: సున్నా

మండుటెండల్లో పదకొండు ఆర్కిడ్ కుండీలను బస్సు డిపోకు తోలిన పెద్దసారు, నాలుగు పేజీల ఉత్తరాన్ని మూడు ముక్కలకు కోసిన హెడ్‌గుమాస్తా, ఆ మూడు ముక్కలు పట్టుకుని డిపోనంతా పురుగుల వేటకు దించిన మేనేజరు, ముగ్గురూ దోషులే. వీళ్లలో ఒక్కరికీ ఇంతవరకు మెమో రాలేదు. మెమో వచ్చింది బస్సులు కడిగే వదినకు. ఆమె చేసిన నేరం, దేన్నీ చంపకపోవడం. ఇది మొదటినుంచి చెప్పుకోక తప్పదు. ఎందుకంటే డిపో రికార్డులో ఈ కథ ఇంకోలా రాసి ఉంది.

ఆ రోజు పొద్దున డిపోలో విశేషమేమీ లేదు. ఎనిమిదిలోపు పద్నాలుగు బస్సులు గేటు దాటాలి, రెండింటికి బ్రేకులు చూడాలి, ఒకదానికి కిటికీ అద్దం బిగించాలి. వదిన పనీ మామూలే. గొట్టం పట్టుకుని వరసగా బస్సులు కడగడం. ఆమె నిజానికి అక్కడ ఎవరికీ వదిన కాదు. తొమ్మిదేళ్ల కిందట ఎవరో డ్రైవరు అలా పిలిచాడు, అప్పట్నుంచి అందరికీ వదినైపోయింది. కాంట్రాక్టు మనిషి. ఏటా ఎండాకాలం చివర మేనేజరు ఒక కాగితం మీద సంతకం పెడితే ఇంకో ఏడాది పని ఉంటుంది, పెట్టకపోతే ఉండదు. తొమ్మిదిసార్లు పెట్టాడు. పదోసారికి ఇంకా ఇరవై మూడు రోజులుంది.

ఏడింటికి పెద్దసారు జీపు వచ్చింది. పెద్దసారంటే చుట్టుపక్కల డిపోలన్నిటి మీదా అధికారి. జీపులోంచి సారు దిగలేదు, కుండీలు దిగాయి. ఆయన భార్య, అంటే పెద్దమేడం, కూతురి పురుడికి వెళ్తోంది. మూడు వారాలకు గాని రాదు. వాళ్లింట్లో నీళ్ల పైపు పగిలింది. డిపోలో బోరుంది. అంతే ఆలోచన. డిపోలో మధ్యాహ్నం రెండింటికి టైరు మీద చెయ్యేస్తే చర్మం అక్కడే ఉండిపోతుందన్న సంగతి ఆలోచన చేసినవాళ్లకు తెలియదు. వాళ్లు ఎప్పుడూ టైరు మీద చెయ్యేయలేదు.

కుండీలతోపాటు పెద్దమేడం చేత్తో రాసిన నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. ఆ డిపోలో ఒక పద్ధతుంది. ఒక పేజీ దాటిన కాగితాన్ని మేనేజరు చదవడు. హెడ్‌గుమాస్తా చదివి సారాంశం రాయాలి. సారాంశంలో హెడ్‌గుమాస్తా సిద్ధహస్తుడు. ఒకసారి అరవై పేజీల ప్రమాద విచారణ నివేదికను “ఎవరి తప్పూ లేదు” అని మూడు మాటల్లో తేల్చేశాడు. ఈ ఉత్తరం ఆయనకో లెక్కా? పావుగంటలో నోటీసు బోర్డు మీద సారాంశం వెలిసింది: “ఒకటి, నీడ. రెండు, నీరు. మూడు, తెల్లపురుగు కనిపిస్తే చంపాలి.” అసలు ఉత్తరం “ఇతరములు” అని రాసిన ఫైల్లోకి వెళ్లిపోయింది. ఆ ఫైల్లోకి వెళ్లినవాటికి తిరిగి రావడం అలవాటు లేదు.

“నీడ కావాలంటే వెతుక్కోవడం ఎందుకు?” అన్నాడు మేనేజరు. “ఆ మూలన ఇంజను తీసేసిన పాత బస్సుంది కదా. అందులో కడ్డీలకు వేలాడదీయండి. పట్టుకుని నిలబడ్డానికేగా కడ్డీలున్నది!”

వదిన గొట్టం కట్టేసింది. “సార్, మధ్యాహ్నం దాంట్లో మనిషే నిలబడలేడు. పొయ్యి మీద మూకుడు బోర్లించినట్టుంటుంది.”

“మొక్క మనిషి కాదు కదమ్మా.”

ఇది మేనేజరు మాటల్లో మచ్చలేని నిజం. మనిషైతే మధ్యాహ్నానికి కిందికి దిగి వచ్చేసేవాడు. మొక్కలు దిగలేక ఆకులు వేలాడేశాయి. మూడింటికల్లా పదకొండు కుండీలూ కడ్డీలకు వేలాడే తడిగుడ్డల్లా తయారయ్యాయి. మేనేజరు భయపడి కుండీలను దింపించాడు. తొమ్మిది టైర్ల సెక్షను వెనక రేకుల నీడకు పోయాయి. చోటు చాలక మిగిలిన రెండు, బస్సులు కడిగే గట్టు పక్క గోడ దగ్గర పెట్టారు. “ఇవి నీవి” అన్నాడు మేనేజరు వదినతో. “వీటికేమైనా అయితే నీ కాగితం మీద సంతకం సంగతి నేను మళ్లీ ఆలోచించాల్సి వస్తుంది.”

మర్నాడు ఎలక్ట్రీషియను కుండీలు చూసి అదిరిపడ్డాడు. కుండీలో మట్టి లేదు, బొగ్గులూ చెక్కముక్కలూ ఉన్నాయి. వేళ్లేమో బయటికొచ్చి గాల్లో వేలాడుతున్నాయి. “ఏంటిన్ని తీగలు లూజుగా వదిలేశారు? రేపేదైనా అయితే నా మీదికి రావడానికా?” అని వేళ్లన్నిటినీ కట్టగట్టి, నల్ల టేపు చుట్టి, చక్కగా కుండీకి అంటించి పోయాడు. పదకొండు కుండీలూ కొత్తగా వైరింగు చేసిన ఇళ్లలా మెరిశాయి.

వదిన తన రెండింటి టేపు పీకేసింది.

“అదేంటి వదినా, నా పని పాడుచేస్తున్నావ్?”

“ఇవి గాలి పీల్చుకునే వేళ్లయ్యా. నీ ముక్కుకు టేపేస్తే ఊరుకుంటావా?”

“నీకెవరు చెప్పారు?”

“చూస్తే తెలుస్తోందిగా. నీళ్లు తగిలితే పచ్చబడుతున్నాయి, ఆరితే తెల్లబడుతున్నాయి. కళ్లెదురుగా తాగుతున్నాయి పాపం.”

ఆమె చేసింది పెద్ద శాస్త్రమేమీ కాదు. పొద్దున్నే వేళ్లు తడిపేది. ఆకుల మధ్య గుంటలో నీళ్లు నిలిస్తే పాతగుడ్డతో అద్దేది. ఎండెక్కాక మొక్కను ముట్టకుండా చుట్టూ నేలనూ గోడనూ తడిపేది. తడినేల మీంచి లేచే చల్లటి ఆవిరికి ఆకులు తేరుకోవడం ఆమెకు కనిపించింది. కనిపించింది కాబట్టి మళ్లీ చేసింది. ఇంతే. ఈ పద్ధతికి డిపోలో పేరు లేదు కాబట్టి ఎవరూ గుర్తించలేదు.

నాలుగో రోజు పురుగులు కనిపించాయి. రెండు రకాలు, రెండూ తెలుపే. ఒక రకం ఆకుల సందుల్లో పిండి చల్లినట్టు అతుక్కుని, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. రెండో రకం కాస్త పెద్దది, ఒళ్లంతా దారప్పోగులేసుకుని ఆకుల మీద చకచకా తిరుగుతోంది. మేనేజరు కళ్లజోడు సర్దుకుని, చేతులు వెనక్కి కట్టుకుని తనిఖీ చేశాడు. ఇరవై ఏళ్ల సర్వీసు ఆయన చేత మాట్లాడించింది.

“కదిలేదే దొంగ. డిపోలో అయినా అంతే. డ్యూటీలో ఉన్నవాడు తన కుర్చీలో కదలకుండా కూర్చుంటాడు. అటూ ఇటూ తిరిగేవాడి మీదే కన్నేసి ఉంచాలి. ఈ తిరిగేవాటిని పట్టుకోండి. కూర్చున్నవాటి జోలికి పోకండి, అవి ఎవరికి అపకారం చేస్తున్నాయి?”

టైర్ల మేస్త్రీకి ఈ సిద్ధాంతం తెగ నచ్చింది. కూర్చున్న పురుగును తీయాలంటే ఆకు సందులో పుల్ల పెట్టి గీకాలి, ఆకు చిరిగితే మాటపడాలి. తిరిగేదాన్ని రెండు వేళ్లతో పట్టేయొచ్చు. పైగా పట్టుకున్నట్టు కనిపిస్తుంది కూడా.

లెక్క లేని పని డిపోలో పనికిందికి రాదు. బస్సుల లాగ్‌షీటు తీసి, “బస్సు నంబరు” కొట్టేసి “కుండీ నంబరు” అని, “తిరిగిన కిలోమీటర్లు” కొట్టేసి “చంపినవి” అని రాశారు. “టైర్లలో గాలి” అన్న గడిలో ఏం రాయాలో ఎవరికీ తెలియలేదు. అందరూ “సరిగా ఉంది” అని రాశారు. ఉత్తుత్తి లెక్కలు రాయకుండా శవాల్ని అగ్గిపెట్టెలో పెట్టి చూపించాలన్నాడు మేనేజరు. మొదటిరోజు టైర్ల సెక్షను ముప్ఫై ఎనిమిది, ఎలక్ట్రికల్ ఇరవై రెండు. కడిగే గట్టు, సున్నా.

సాయంత్రం ఆ లెక్క పెద్దసారు ఆఫీసుకు వెళ్లింది. మర్నాడు అక్కణ్నుంచి అభినందన వచ్చింది. “ఇదే ఉత్సాహం కొనసాగించాలి” అని. పై ఆఫీసు కొనసాగించమంటే పెంచమని అర్థం. మేనేజరు రోజుకు డెబ్బై అని గురి పెట్టాడు.

వదినకు చంపడానికి చేతులు రాకపోలేదు. ఆమె మధ్యాహ్నం టిఫినుడబ్బా పక్కన పెట్టుకుని కుండీల ముందు గొంతుక్కూర్చుని ఒక సంగతి చూసింది. దారప్పోగుల పురుగు చకచకా పోయి, పిండిపురుగు మీద పడి, దాన్ని నమిలేసి, ముందుకెళ్లి ఇంకోదాన్ని పట్టుకుంది. చెయ్యి కడుక్కునేలోగా నాలుగింటిని మింగేసింది. ఆమె డబ్బా మూత పెట్టకుండానే మేనేజరు గది గుమ్మం దాకా పరిగెత్తింది.

“సార్, తిరిగేవి మొక్కను తినట్లేదండీ. కూర్చున్నవాటిని తింటున్నాయి. కూర్చున్నవే ఆకులో మూతిపెట్టి రసం పీల్చేస్తున్నాయి. మనం తప్పువాటిని చంపుతున్నాం.”

“నీకు పురుగులు వచ్చి చెప్పాయా?”

“రండి, మీరే చూద్దురుగాని. రెండు నిమిషాలు.”

“ఈ ఎండలోనా?” అన్నాడు మేనేజరు. ఆయన తలమీద ఫ్యాను తిరుగుతోంది. ఆయన తిరగలేదు.

ఇంట్లో అత్తకు చెబితే అత్త చిక్కుడుకాయలు వలుస్తూ నెత్తికొట్టుకుంది. “పిచ్చిమొహమా, నీకెందుకే సత్యం? నాలుగు అని రాసి పడెయ్, పీడా పోతుంది.”

“శవాలు చూపించమంటారత్తా.”

“నాలుగు చీమలకు పిండి పూసి చూపించు!”

“అదీ ఆలోచించాను. కానీ రేపు ఎనిమిది తెమ్మంటారు.”

“అయితే నీ కొలువు పోతుందే.”

“పోతే పోయింది, ఈ మొక్కలు నా చేతుల్లో మాత్రం చావవు” అంది కాని, రాత్రి అన్నం సగం వదిలేసింది. ఇంట్లో రోజూ పనికెళ్లే మనిషి ఆమె ఒక్కతే.

పదో రోజుకు టైర్ల సెక్షనులో వేట పడిపోయింది. డెబ్బై అన్నచోట పదకొండు. తరవాత నాలుగు. ఉన్నవన్నీ చంపేశాక కొత్తవి ఎక్కణ్నుంచి వస్తాయి? కాని గురి పెట్టినవాడికి ఈ ప్రశ్న రాదు, సోమరితనం అన్న అనుమానమే వస్తుంది. “నిన్న మొన్నటి దాకా డెబ్బై కొట్టినవాడివి ఏమైంది నీకు?” అని మేనేజరు అందరి ముందూ కడిగేశాడు. మేస్త్రీకి రోషం వచ్చింది. పన్నెండో రోజు పొద్దున్నే, ఎనిమిదింటి బస్సు గట్టు మీద కడిగి సిద్ధంగా ఉండగా, అగ్గిపెట్టె పట్టుకుని నక్కి నక్కి గోడ దగ్గరికొచ్చాడు. వదిన కుండీల్లో పురుగులు నిక్షేపంగా తిరుగుతున్నాయి మరి!

“ఏయ్ మేస్త్రీ! ఏం చేస్తున్నావక్కడ?”

“ఒక్క పది ఇయ్యి వదినా. నువ్వెలాగూ చంపవు. నేను తీసుకెళ్లి చంపుకుంటా.”

“ముట్టుకున్నావంటే మర్యాదగా ఉండదు.”

“మీ పుట్టింటివాళ్లా ఏంటి, అంత ప్రేమ?”

“నీకన్నా నయమే. పొద్దున్నే లేచి పనిలోకెళ్తున్నాయి.”

మేస్త్రీ చెయ్యి చాచాడు. వదిన గొట్టం తిప్పింది. బస్సులు కడిగే గొట్టం అంటే పూలమొక్కలకు చిలకరించేది కాదు, చక్రాలకు అంటిన తారును ఊడగొట్టేది. మేస్త్రీ వంగాడు. నీళ్లు ఆయన తలమీంచి పోయి, ఎనిమిదింటి బస్సు తెరిచి ఉన్న కిటికీల్లోంచి లోపలికి దూరాయి. మేస్త్రీ లేచి బస్సుకు అటువైపు పరిగెత్తాడు. వదిన గొట్టం కూడా అటు తిరిగింది. రెండు నిమిషాల్లో బస్సులో ముందు సీటు నుంచి వెనక సీటు దాకా తడవనిది ఒక్కటీ లేదు. అగ్గిపెట్టె మాత్రం పొడిగా ఉంది, ఖాళీగా కూడా.

అదే బస్సు ఎనిమిదింటికి బయల్దేరింది. వేళ తప్పితే మెమో, సీట్లు తడిస్తే మెమో లేదు కనక. స్టాపులో జనం ఎక్కి, కూర్చుని, ఒక్కసారిగా లేచారు. యాభై ఖాళీ సీట్ల మధ్య యాభైమంది నిలబడి ప్రయాణం చేశారు.

“కూర్చోండమ్మా, సీట్లున్నాయిగా!” అంది కండక్టరమ్మ.

“నువ్వు కూర్చో చూద్దాం” అందో టీచరమ్మ, చీర వెనక పిండుకుంటూ.

“పైపు బస్సులోనే పెట్టారా ఏంటి?” అన్నాడింకో పెద్దాయన. ఆయన వెళ్తున్నది ఇంటర్వ్యూలు చేసే బోర్డులో కూర్చోడానికి. ఆ రోజు ఇంటర్వ్యూలన్నీ ఆయన నిలబడే చేశాడట. మధ్యాహ్నానికి డిపోకు పదిహేడు ఫిర్యాదులు చేరాయి. హెడ్‌గుమాస్తా వాటి సారాంశం “చెమ్మ” అని రాశాడు.

చెమ్మకు ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. మేస్త్రీకి డెబ్బైల చరిత్ర ఉంది, గోడ మీద అభినందన ఉంది. వదినకు వరసగా తొమ్మిది సున్నాలున్నాయి. మెమో ఇలా వచ్చింది: “డిపో ఆవరణలో హానికర పురుగులకు ఆశ్రయం కల్పించి, వాటిని చంపడానికి వచ్చిన ఉద్యోగి మీద నీటితో దాడి చేసి, తొమ్మిది దినములు సున్నా నమోదు చేసినందున కాంట్రాక్టు పొడిగించబడదు.” కింద మేనేజరు సంతకం. ఆమె ఎదురుచూసిన సంతకమే, కాగితమే వేరు.

ఆ నెలాఖరు దాకా రావచ్చన్నారు. ఇంకా పదకొండు రోజులు. ఆమె వచ్చింది. బస్సులు కడిగింది, నేల తడిపింది, సున్నా రాసి సంతకం చేసింది.  మేస్త్రీ దూరం నుంచి ఒకసారి, “వదినా, నేను చెప్పలేదు వాళ్లకు, గొట్టం సంగతి” అన్నాడు. “తెలుసులే మరిదీ. నీ చొక్కానే చెప్పుంటుంది” అంది.

పెద్దమేడం అనుకున్నదానికన్నా రెండు రోజులు ఆలస్యంగా తిరిగొచ్చి, నేరుగా డిపోకే వచ్చింది. మనవరాలు బాగుంది, ఇక మొక్కలు చూడాలి. మేనేజరు గుమ్మం దాకా ఎదురెళ్లాడు. సర్వీసులో ఆయన అంత దూరం నడవడం అందరూ అప్పుడే చూశారు. చేతిలో అట్టపెట్టె, దాన్నిండా అగ్గిపెట్టెలు.

“నాలుగు వందల పన్నెండు మేడం. ఒక్కటి కూడా వదల్లేదు.”

మేడం ఒక అగ్గిపెట్టె తెరిచింది. ఇంకోటి తెరిచింది. 

“వీటిని నేనే వదిలానండీ.”

“ఎక్కడ మేడం?”

“కుండీల్లో! పిండినల్లి పట్టిందని, దాన్ని తినే పురుగు పిల్లల్ని తెప్పించి వదిలాను. అవీ తెల్లగానే ఉంటాయి, పొరబడకండి, పరిగెత్తేవాటిని ముట్టుకోకండి అని నాలుగో పేజీలో రాశానే! కింద గీత కూడా గీశాను!”

హెడ్‌గుమాస్తా “ఇతరములు” ఫైలు తెచ్చాడు. నాలుగో పేజీ ఉంది. గీత కూడా ఉంది. రెండు గీతలున్నాయి.

“చాలా పొడుగ్గా రాశారు మేడం” అన్నాడు హెడ్‌గుమాస్తా, తప్పు ఎవరిదో సారాంశంగా.

టైర్ల సెక్షను వెనక తొమ్మిది కుండీలు సున్నం కొట్టినట్టున్నాయి. కదలకుండా కూర్చున్న పెద్దమనుషులు ఆకాకునా వందలుగా స్థిరపడి, పిల్లా పాపలతో సుఖంగా పీల్చుకుంటున్నారు. టేపు కింద వేళ్లు కుళ్లిపోయాయి. మేడం అలా నడుచుకుంటూ గట్టు దగ్గరికొచ్చి ఆగిపోయింది. రెండు కుండీలు. ఆకులు దళసరిగా, పచ్చగా, తెల్లచుక్క లేకుండా ఉన్నాయి. ఒకదానికి మూరెడు కాడ వేసింది. కాడకు మొగ్గలు, చివర ఒక ఊదారంగు పువ్వు.

“ఇది నాలుగేళ్లుగా నా దగ్గర పుయ్యలేదు” అంది మేడం. “వీటిని చూసిందెవరు?”

వదిన ఆ పక్కనే బస్సు చక్రం కడుగుతోంది. నోరు తెరవబోయింది. మేనేజరు అంతకన్నా ముందు తెరిచాడు.

“నేనే మేడం. రెండింటిని వేరే పద్ధతిలో పెట్టి చూద్దామని, ప్రయోగంగా, నేనే స్వయంగా...”

మేడం ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. బూట్ల మీద ఒక్క చుక్క బురద లేదు. వదిన కాళ్ల వంకా చూసింది.  పెద్ద ఇళ్లలో పుట్టినవాళ్లకు అనకుండా అనడం వచ్చు.

“చాలా సంతోషం. అయితే ఆ తొమ్మిదింటినీ మీరే బాగుచెయ్యండి. మీరే, స్వయంగా. పిండినల్లిని దూదితో ఒక్కొక్క ఆకూ తుడవాలి. ఈ రెండింట్లో మిగిలిన పిల్లల్ని కుంచెతో తీసి వాటిలోకి మార్చాలి. రోజూ పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. వారానికోసారి నేనొచ్చి చూస్తాను. మీకు పద్ధతి తెలుసు కదా, ఇబ్బందేముంది?”

మర్నాడు పొద్దున డిపో అంతా ఒక దృశ్యం చూసింది. మేనేజరు పాంటు మోకాళ్ల దాకా మడిచి, తడినేల మీద గొంతుక్కూర్చుని, ఒక చేత్తో దూది, ఒక చేత్తో కుంచె పట్టుకుని, చెమటలు కారుస్తూ పురుగు వెంట కుండీ చుట్టూ తిరుగుతున్నాడు. మొదటి గంటలో ఆకులు రెండు విరిగాయి, పురుగు ఒక్కటీ మారలేదు. మేస్త్రీ అటుగా పోతూ, “సార్ తెగ కదులుతున్నారు, జాగ్రత్త” అన్నాడు. రెండో గంటకు ఆయన లేచి, నడుం పట్టుకుని, వదిన దగ్గరికొచ్చాడు.

“వదినా,” అన్నాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి. “ఇది ఎలా పట్టుకోవాలో కాస్త చూపించు.”

వదిన గొట్టం చుట్టి మేకుకు తగిలించింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

“నా గడువు నిన్నటితో అయిపోయింది సార్. గొట్టం అప్పజెప్పడానికొచ్చాను. గేటు లోపల నేను ఉండకూడదని మీరే రాశారు. ఇప్పుడు చూపిస్తే మీ సంతకాన్ని నేను కాదన్నట్టవుతుంది.”

ఆమె వెళ్లిపోయి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. బస్సులు దుమ్ముతో తిరుగుతున్నాయి. రెండో కుండీకి కూడా కాడ వేసింది. పై ఆఫీసు మేనేజరుకు “మొక్కల పరిశోధన”కు అభినందన పంపింది.

కాబట్టి చేయాల్సింది ఇప్పుడే చేయాలి. ఆ మెమో చింపాలి, “ఇతరముల్లో” పెట్టడం కాదు, చింపాలి. వదిన కాంట్రాక్టు మీద సంతకం పడాలి, ఈసారి ఏడాదికి కాదు, శాశ్వతంగా. ఆమె రాసిన సున్నాలను పనిగా లెక్కించాలి. మేనేజరు స్వయంగా ఆమె ఇంటికి నడిచి వెళ్లి రమ్మని అడగాలి, జీపులో కాదు. ఆర్కిడ్ పువ్వు విచ్చుకుంటే రెండు నెలల దాకా వాడదట. ఒక్క సంతకానికి ఈ ఆఫీసుకు అంతకన్నా ఎక్కువ గడువు ఇవ్వడం కుదరదు.